బుల్లెట్ ట్రైన్ వస్తే చుట్టుపక్కల ఊళ్లలో పొగ తగ్గుతుందా?

ట్రైన్ నడిచే నగరంలో కొంత తగ్గుతుంది, అదీ జనం కార్లు వదిలేసి అది ఎక్కితేనే, కానీ దాని కోసం బొగ్గు కాల్చి కరెంటు తీసే ఊళ్లో మాత్రం తగ్గదు.

కారణం సింపుల్. ట్రైన్ పైనున్న తీగ నుంచి 25 వేల వోల్టుల కరెంటు లాక్కుంటుంది, అది గ్రిడ్ (దేశమంతా కరెంటు పంచే తీగల వ్యవస్థ) నుంచి వచ్చేదే, మన దేశపు గ్రిడ్‌లో సగానికి పైగా బొగ్గు కరెంటే. పైగా వేగం గంటకి 160 నుంచి 320 కిలోమీటర్లకి పెరిగితే గాలి నిరోధం సుమారు నాలుగు రెట్లవుతుంది, అంటే కరెంటూ ఎక్కువే కావాలి.

508 కిలోమీటర్ల ముంబై-అహ్మదాబాద్ బుల్లెట్ ట్రైన్ లైన్‌నే తీసుకోండి. మన బల్లార్షా, చంద్రపూర్‌లకి అది ఎక్కడో రాష్ట్రం ఆ చివర. కానీ మహారాష్ట్ర ప్రభుత్వ సంస్థ నడిపే థర్మల్ (బొగ్గు కరెంటు) కేంద్రాల్లోకెల్లా పెద్దది, 2,920 మెగావాట్లది, చంద్రపూర్‌లోనే ఉంది. గ్రిడ్ ఒకటే కాబట్టి అక్కడ వాడకం పెరిగితే ఇక్కడి బాయిలర్లకీ పని పెరగొచ్చు, మేడ మీద ఆరేసిన బట్టల మీద బూడిద పడేది మాత్రం ఇక్కడే.

"కరెంటు ట్రైన్ కదా, కాలుష్యం సున్నా" అనుకుంటారు చాలామంది. పట్టాల దగ్గర పొగ సున్నానే, చప్పుడు సంగతి వేరు. అయితే ఆ లైన్ చాలావరకు స్తంభాల మీదే కడుతున్నారు, వాటి సిమెంటు, ఉక్కు తయారీలో వచ్చే పొగంతా మొదటి టికెట్ అమ్మకముందే గాల్లో కలిసిపోతుంది.