‘ఇంట్లో వదిన ఉంది కదా’ అంటే సరిపోతుందా?

ప్రశ్న: మాది హైదరాబాద్, నిజాంపేట. నాకు 32 ఏళ్ళు, పెళ్ళి కాలేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఎక్కడి నుంచైనా పని చేసుకోవచ్చు. ఏడాదిన్నరగా విశాఖపట్నంలో, లాసన్స్ బే కాలనీలో ఫ్లాట్ తీసుకుని ఉంటున్నాను. పొద్దున్నే రుషికొండలో సర్ఫింగ్ నేర్చుకుంటాను, మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పదకొండు దాకా లండన్ క్లయింట్ పని. ఇంత ప్రశాంతంగా నేనెప్పుడూ లేను. రోజూ సూర్యోదయం ఫోటోలు ఫ్యామిలీ గ్రూపులో పెడుతుంటాను. నాన్న లేరు. అమ్మ అన్నయ్య దగ్గర ఉంటుంది. షుగర్ వల్ల కన్ను దెబ్బతిని నెలనెలా ఇంజెక్షన్లు చేయిస్తున్నారు. అన్నయ్యది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. వదినకు గచ్చిబౌలిలో ఆఫీసు, వారానికి మూడు రోజులు వెళ్ళాలి. ఇంట్లో వదిన ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. నేను నెలకు 25,000 రూపాయలు పంపుతున్నాను. అక్టోబరులో వియత్నాం వెళ్ళి డా నాంగ్‌లో మూడు నెలలు ఉండి పని చేసుకుందామనుకుంటున్నాను. ఆ మాట చెప్పినప్పటి నుంచి అమ్మ తుఫాన్లు, సముద్రం అని ఏడుస్తోంది. వదిన నాతో మాట్లాడటం మానేసి, గ్రూపులోంచి కూడా వెళ్ళిపోయింది. అమ్మను ఎలా ఒప్పించాలి? విశాఖలోనే ఉండాలా, డా నాంగ్ వెళ్ళాలా?

జవాబు: డా నాంగ్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. వియత్నాం 2023 ఆగస్టు నుంచి 90 రోజుల ఈ-వీసా ఇస్తోంది. కానీ పర్యటన కోసం తీసుకునే వీసా ఉద్యోగం చేసుకోవడానికి అనుమతి కాదు. మీ కంపెనీ ఒప్పుకుంటుందో లేదో, క్లయింట్ డేటాను దేశం దాటించొచ్చో లేదో హెచ్ఆర్‌ను అడిగి మెయిల్‌లో జవాబు తెప్పించుకోండి. పైగా అక్టోబరు, నవంబరు అక్కడ భారీ వానల కాలం. వాళ్ళ గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది కాబట్టి మీ షిఫ్టు అర్ధరాత్రి దాటాకే ముగుస్తుంది. ఇంతకు మించి దాని గురించి నేను చెప్పేదేమీ లేదు. దానికోసమైతే మీరు నాకు రాయాల్సిన పని కూడా లేదు.

నన్ను ఆపింది మీ ఉత్తరంలోని ఒకే ఒక్క వాక్యం. ‘ఇంట్లో వదిన ఉంది కాబట్టి ఇబ్బంది లేదు.’ ఎవరికండీ ఇబ్బంది లేనిది?

కంటి ఇంజెక్షన్ రోజు ఎలా ఉంటుందో మీకు తెలుసా? పొద్దున్నే ఆసుపత్రికి చేరాలి. చీటీ రాయించుకుని కూర్చుంటే నర్సు వచ్చి కంట్లో చుక్కలు వేస్తుంది. కాసేపాగి మళ్ళీ వేస్తుంది. కంటిపాప పెద్దదయ్యేసరికి వెలుతురు చూడలేరు, ఎదుటి మనిషి మసకగా కనిపిస్తారు. ఆ స్థితిలో ఉన్న మనిషిని బాత్రూమ్‌కు తీసుకెళ్ళడానికి కూడా చెయ్యి పట్టుకోవాలి. తర్వాత స్కాన్, డాక్టరు దగ్గర వరుస, ఆపైన ఇంజెక్షన్. షుగర్ మనిషి కాబట్టి ఈలోగా టైముకు ఇంత తినిపించాలి. ఇంటికొచ్చాక చుక్కల మందు, కంట్లో నీళ్ళు పడకుండా జాగ్రత్త, ఎరుపెక్కిందా, నొప్పి పెరిగిందా అని కనిపెట్టి ఉండటం. ఇదంతా ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని చేసే పని కాదు. సెలవు పెట్టాల్సిందే. మీ అన్నయ్య ఊళ్ళో లేకపోతే ఆ సెలవు ఎవరిది? మీ వదినది.

మీకు పని మొదలయ్యేది మధ్యాహ్నం రెండింటికి. పొద్దున పూట మీరు ఖాళీ. ఎక్కడి నుంచైనా పని చేయగల కొడుకు రుషికొండలో అలల మీద ఉంటే, గచ్చిబౌలి వెళ్ళక తప్పని కోడలు సెలవు పెట్టి ఆసుపత్రి బెంచీ మీద కూర్చుంటోంది. ‘ఎక్కడి నుంచైనా’ అన్న మాటలో నిజాంపేట ఎందుకు లేకుండా పోయింది?

అత్తగారిని చూసుకోవడం కోడలి విధి అనే మాట నేను ఏనాడూ ఒప్పుకోలేదు. తల్లిని చూసుకోవాల్సింది ఆవిడ కన్న పిల్లలు. తల్లిదండ్రుల, సీనియర్ సిటిజన్ల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం కూడా పిల్లలంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు అని చెప్పింది. అందులో కోడలి పేరు లేదు. ఆవిడ చేస్తున్నదంతా తన మంచితనం కొద్దీ చేస్తున్నది. ఆ మంచితనాన్ని మీరు ఇంటి ఏర్పాటు కింద లెక్కేసుకున్నారు. నన్ను బాధపెట్టింది అదే.

ఆవిడ గ్రూపులోంచి వెళ్ళిపోవడాన్ని మీరు అలకనుకుంటున్నట్టున్నారు. మీరు సూర్యోదయం ఫోటో పెట్టే వేళకు ఆ ఇంట్లో ఏం జరుగుతుంటుందో ఊహించండి. అత్తగారికి షుగర్ చూసి, టిఫిన్‌కు ముందు వేసుకోవాల్సిన మాత్ర చేతికిచ్చి, బాక్సులు సర్దుకుని, క్యాబ్ దొరుకుతుందో లేదోనని టెన్షన్ పడుతుంటారు. అప్పుడు ఫోన్ మోగితే అందులో సముద్రం. ఏడాదిన్నర చూశారు. ఇప్పుడు మూడు నెలలు దేశంలోనే ఉండనన్నారు. ఒక్కసారైనా ‘వదినా, నేను లేకపోతే మీకెలా?’ అని అడిగారా? అడిగినట్టు మీ ఉత్తరంలో లేదు. అమ్మను ఎలా ఒప్పించాలని అడిగారు గానీ, వదిన ఒప్పుకోవాలన్న ఆలోచనే మీకు రాలేదు.

ఇక అమ్మగారి తుఫాను భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కుదిపేసి, రోజుల తరబడి కరెంటూ ఫోన్లూ లేకుండా చేసింది. అది గుర్తున్న తల్లి భయపడితే తప్పులేదు. కానీ ఏడాదిన్నరగా అదే విశాఖలో ఉన్నారు కదా, అప్పుడు రాని ఏడుపు ఇప్పుడెందుకు వచ్చింది? రోజంతా కోడలి ముఖం చూస్తూ ఉండేది ఆవిడే. కోడలు అలిసిపోయిందని ఆవిడకు తెలుసు. ఆ మాట మీతో అంటే చాడీ చెప్పినట్టవుతుంది, పెద్ద కొడుకు ఇంట్లో ఉంటూ నోరు జారినట్టవుతుంది. అందుకని పాపం సముద్రం మీద పెట్టి ఏడుస్తున్నారని నా అనుమానం.

విశాఖ వదిలేసి రమ్మని నేను అనను. ఒంటరిగా, ఇష్టమైన చోట, ప్రశాంతంగా బతకడం నేరం కాదు. కానీ నెలలో ఇంజెక్షన్ పడే వారం మీది. ముందు శనివారమే రైలెక్కండి. రాత్రంతా ప్రయాణమైతే గోదావరి ఉంది, పగలైతే 2023 జనవరి నుంచి వందే భారత్ ఉంది, ఎనిమిదిన్నర గంటల్లో సికింద్రాబాద్‌లో దింపుతుంది. ‘అర్జెంటైతే వచ్చేస్తాను’ అనే మాట ఇక వద్దు. వదిన మోస్తున్నది అర్జెంటు పనులు కాదు, తప్పకుండా నెలనెలా వచ్చే పని.

వెళ్ళినప్పుడు చుట్టంలా వెళ్ళకండి. హాల్లో కూర్చుని రాత్రి పదకొండు దాకా కాల్స్ మాట్లాడుతూ, వదిన వడ్డిస్తే తింటూ ఉంటే ఆవిడకు మీరు ఇంకో పని అవుతారు. మధ్యాహ్నం నుంచి కూకట్‌పల్లిలో ఏదైనా కో-వర్కింగ్ స్పేస్‌లో సీటు తీసుకోండి. ఆసుపత్రి ఫైలు, మాత్రల వేళలు, డాక్టరు నంబరు మీ దగ్గర ఉండాలి. ఇంజెక్షన్‌కూ ఇంజెక్షన్‌కూ మధ్య డాక్టరు సరేనంటే, అమ్మగారిని పది రోజులు విశాఖ తీసుకెళ్ళండి. సింహాచలం అప్పన్న దర్శనం చేయిస్తానంటే ఏ తల్లి కాదంటుంది? ఆ పది రోజులు వదిన తన ఇంట్లో తాను ఊపిరి పీల్చుకుంటారు.

పంపే డబ్బు పంపుతూనే ఉండండి. అయితే దాన్ని హాజరుకు బదులుగా లెక్కేసుకోకండి. చీర కొనిపెట్టి, ‘మా వదిన బంగారం’ అని గ్రూపులో రాసి చేతులు దులుపుకుంటే మాత్రం ఆవిడ మనసు ఇంకా విరిగిపోతుంది.

మరి మీ అన్నయ్య మాటేమిటని అడగొచ్చు. ఆవిడ ఆయనకూ తల్లే కదా. నిజమే, కానీ మీరు ఒక్క ఇంజెక్షన్‌కైనా తోడు వెళ్ళి వచ్చాకే ఆయన్ను నిలదీయగలరు. ఆ తర్వాత అన్నదమ్ములిద్దరూ కూర్చుని, ఏ నెల ఎవరు, ఏ పని ఎవరిదో వదిన లేకుండానే పంచుకోండి. డా నాంగ్ టికెట్ అప్పటిదాకా బుక్ చేయకండి. ఆ పంపకం ఏమిటో అన్నయ్య చేత చెప్పించకుండా, మీరే వదినకు ఫోన్ చేసి చెప్పండి. ఆవిడ ఎత్తకపోతే మెసేజ్ పెట్టండి, చెప్పిన తేదీకి వెళ్ళండి.