ఫోన్ల గురించి చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది దేవరకొండ. మా అమ్మాయి నల్లగొండలో డిగ్రీ చివరి సంవత్సరం. బీఈడీ చేయమంటే వినడం లేదు. ఫోన్లు వచ్చాక మనుషుల మధ్య మాట ఎలా మారిందో చదువుతానని, కమ్యూనికేషన్‌లో ఎంఏ చేస్తానని అంటోంది. అదీ ఒక చదువేనా? తర్వాత ఏం ఉద్యోగం వస్తుంది?

జవాబు: చదువేనండీ, గట్టి చదువే. బొట్టు పెట్టి పెళ్లికి పిలవడం మన దగ్గర ఎంత పట్టింపో మీకు తెలుసు. అదే పత్రిక వాట్సాప్‌లో పెడితే ముహూర్తం, ఫంక్షన్ హాల్ పేరు అక్షరం పోకుండా చేరతాయి. అయినా మేనత్త అలుగుతుంది, "ఫోన్ల పెడితే పిలిచినట్టేనా?" అని. కబురు అందింది, మర్యాద అందలేదు. సందేశం చెడకుండా అవతలికి ఎలా చేర్చాలో 1948లో అమెరికా గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ లెక్క కట్టి చూపించారు. అర్థంతో ఆ లెక్కకు పని లేదని ఆయనే రాశారు. ఆయన పక్కన పెట్టిన ఆ అర్థాన్నే మీ అమ్మాయి పట్టుకోవాలనుకుంటోంది.

ఇది ఎంత అవసరమో 2018లో పాలమూరు వైపు అందరికీ తెలిసింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు పాకాయి. పంపింది తెలిసినవాళ్లే కాబట్టి జనం నమ్మారు. అప్పటి గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లకు పంపి, డప్పు కొట్టించి, పాటలు కట్టించి నిజం చెప్పించారు. అదే ఏడాది మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా వాట్సాప్ కట్టడి పెట్టింది. ఊరినీ ఫోన్‌నూ రెండింటినీ ఎరిగిన మనుషులు ఇలాంటి చోటే కావాలి. దేవరకొండలో పెరిగిన పిల్లకు ఊరి సంగతి ఒకరు నేర్పాల్సిన పని లేదు.

ఇక ఉద్యోగం. పత్రికల్లో, టీవీల్లో మొదట జీతం తక్కువ, అది దాచను. వార్తల నిజనిర్ధారణ, ఆరోగ్య, వ్యవసాయ శాఖల ప్రచారం, స్వచ్ఛంద సంస్థలు, యాప్‌లను జనం ఎలా వాడుతున్నారో చూసే యూజర్ రీసెర్చ్, ఇవన్నీ ఉన్నాయి. తెలుగు, ఇంగ్లిష్ రెండూ శుభ్రంగా రాయగలిగితేనే ఈ దారులు తెరుచుకుంటాయి.

ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954 నుంచి ఉంది, ప్రవేశం సీపీగెట్ అనే రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష ద్వారా. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ పరీక్ష ఈమధ్య మార్చిలోనే జరుగుతోంది, కాబట్టి డిగ్రీ పరీక్షలు అయ్యాక చూద్దామంటే కుదరదు. యాంకరింగ్ నేర్పిస్తామని లక్షలు అడిగే ప్రైవేటు డిప్లొమాల జోలికి మాత్రం వెళ్లకండి.

ఇప్పుడే ఆమెకు ఒక పని చెప్పండి. మీ వాడకట్టు వాట్సాప్ గ్రూప్‌ను నెల రోజులు గమనించమనండి. ఎవరు టైపు చేస్తారు, రాయడం రాని పెద్దమ్మలు వాయిస్ మెసేజ్‌తో ఏం చెప్తారు, ఎవరి మాటకు ఎవరూ జవాబివ్వరు? పేర్లు తీసేసి రెండు పేజీలు రాయమనండి. ఇష్టంగా రాస్తే ఈ చదువు ఆమెకు సరిపోతుంది. వారానికే విసుగొస్తే అదీ తెలిసిపోతుంది.

బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ కూడా రాయించండి, తప్పులేదు. కానీ సీటొచ్చింది కదా అని ఆమెను అడగకుండా ఫీజు కట్టేయకండి.