గ్రీకు గుడా, రోమన్ గుడా అంటే ముందు చుట్టూ ఒక తిరుగుడు తిరగండి

"ఫొటోల్లో గ్రీకు గుళ్ళు, రోమన్ గుళ్ళు నాకు ఒకేలా కనిపిస్తాయి, అవే తెల్ల స్తంభాలు, పైన అదే ముక్కోణం, తేడా ఎలా కనిపెట్టాలి" అని కదా మీ ప్రశ్న.

స్తంభాల్ని చూసి చెప్పేద్దామని మాత్రం అనుకోకండి, నేను అలాగే మోసపోయాను. ఏథెన్స్ వెళ్ళే ముందు డోరిక్, అయోనిక్, కొరింథియన్ అంటూ మూడు రకాల స్తంభాల పేర్లు పరీక్షకి చదివినట్టు బట్టీ పట్టాను. తీరా చూస్తే ఆ మూడూ గ్రీకుల సొత్తే, రోమన్లు మూడింటినీ తెచ్చుకుని వాడేసుకున్నారు, అందులో ఆకుల చెక్కడం ఉండే కొరింథియన్ అంటే వాళ్ళకి మహా మోజు. కింద పీట లేకుండా నేల మీంచి నేరుగా లేచిన లావుపాటి డోరిక్ స్తంభం కనిపిస్తే గ్రీకు అని చాలావరకు ధైర్యంగా చెప్పొచ్చు. అంతకు మించి ఆ బట్టీ నాకు పనికిరాలేదు.

అసలు తేడా నాకు తెలిసింది నేను చేసిన ఒక తెలివితక్కువ పని వల్ల. ఏథెన్స్‌లో అక్రోపోలిస్ అనే కొండ ఎక్కి పెద్ద ద్వారం దాటగానే పార్థెనాన్ గుడి కనిపిస్తుంది, మనవైపు ఎనిమిది స్తంభాలు, పైన ముక్కోణం, ఇంకేముంది ఇదే ముఖం అనుకుని మా ఆవిడని నిలబెట్టి ఓ నలభై ఫొటోలు తీశాను. తర్వాత తీరిగ్గా పక్కనుంచి నడుచుకుంటూ అవతలి కొసకి వెళ్తే అచ్చం అలాంటి ముఖమే ఇంకోటి! గుడి అసలు వాకిలి తూర్పున ఉంది, మేం ఫొటోలు దిగింది పడమటి వైపు, అంటే గుడి వీపు దగ్గర. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

కానీ ఆ పొరపాటుకి చోటుండటమే గ్రీకు గుడి లక్షణం. ముందు ఎనిమిది, పక్కన పదిహేడు, మూలవి రెండుసార్లు లెక్కపెట్టకుండా చూస్తే చుట్టూ మొత్తం 46 స్తంభాలు, కింద మూడు మెట్లు కూడా నాలుగు వైపులా తిరిగే ఉంటాయి. ఏ మూల నుంచి చూసినా నిండుగా కనపడాలని కట్టింది. లోపల ఉండేది దేవత విగ్రహం, జనం చేరేదీ బలులు ఇచ్చేదీ బయట బలిపీఠం దగ్గర, కాబట్టి వాళ్ళ శ్రద్ధంతా బయటి రూపం మీదే. ఎంత శ్రద్ధంటే, పొడుగు వైపు మూలన వంగి మెట్టు అంచు వెంబడి చూడండి, మెట్టు మధ్యలో కొంచెం ఉబ్బి కనిపిస్తుంది. దాదాపు 70 మీటర్ల పొడవులో ఓ 11 సెంటీమీటర్ల ఎత్తు, కావాలని పెట్టిందే. స్తంభాలు కూడా లోపలికి కాస్త వాలి ఉంటాయి. మా నాన్న తాపీమేస్త్రీ, ఆయనకి ఫోన్లో ఈ సంగతి చెప్తే "లెవెల్ తప్పిందని చెప్పలేక అలా అంటున్నారేమో రా" అన్నారు. క్రీ.పూ. 447లో మొదలుపెట్టి 432 కల్లా పూర్తి చేసిన గుడి అది, లెవెల్ తప్పే మనుషులు కారు.

అక్కణ్ణుంచి రోమ్. టైబర్ నది దగ్గర పోర్టునస్ గుడి అని చిన్నది ఒకటుంది, రేవుల దేవుడికి కట్టింది, క్రీ.పూ. ఒకటో శతాబ్దం నాటిది. పెద్దగా రద్దీ ఉండదు. మీరు తేడా తెలుసుకోవాలంటే కొలోసియం కన్నా ముందు అక్కడికి వెళ్ళండి. ఎత్తయిన దిమ్మ మీద గుడి, మెట్లు ముందు వైపు మాత్రమే, ఎక్కగానే లోతైన స్తంభాల వరండా, దాని వెనక గర్భగుడి. ఈసారి తెలివి తెచ్చుకుని ముందే వెనక్కి వెళ్ళాను. వరండా దాటాక స్తంభాలన్నీ సగం సగమే, గోడకి అతికించినట్టు ఉన్నాయి! బరువు మోసేది గోడ, స్తంభాలు చూపుకి. మన ఊళ్ళల్లో రోడ్డు వైపు ఎలివేషన్‌కి టైల్సు, డిజైన్లు అన్నీ పెట్టి, పక్కగోడకి ప్లాస్టరింగ్‌తో సరిపెట్టేస్తాం చూడండి, నాకు అదే గుర్తొచ్చింది. పాపం రోమన్లు మనకన్నా నయం, పక్కనా వెనకా కనీసం సగం స్తంభాలైనా పెట్టారు. ఫ్రాన్స్‌లో నీమ్ ఊళ్ళో ఉన్న రోమన్ గుడి కూడా ఇదే పద్ధతి, 30 స్తంభాల్లో విడిగా నిలబడ్డవి పదే, మిగతా 20 గోడలో కలిసిపోయినవి.

ఈ ఎత్తు దిమ్మ, ముందు మెట్లు రోమన్లకి వాళ్ళకన్నా ముందు ఇటలీలో ఉన్న ఎట్రస్కన్ల నుంచి వచ్చిన అలవాటు. మెట్ల గురించి ఒక ముచ్చట చెప్పాలి. విట్రూవియస్ అనే రోమన్ వాస్తుశిల్పి గుడి మెట్లు బేసి సంఖ్యలోనే ఉండాలని రాశాడు, ఎందుకంటే మొదటి మెట్టు మీద కుడికాలు పెడితే పైకి చేరేటప్పుడూ కుడికాలే పడాలట. మా అమ్మకి చెప్తే ఆ మాత్రం మనకి తెలీదా అన్నట్టు చూసింది.

పోర్టునస్ గుడి నుంచి పిలిస్తే పలికేంత దూరంలో గుండ్రటి హెర్క్యులిస్ గుడి ఉంది. అదీ రోమ్‌లోదే, కానీ గ్రీకు పద్ధతిలో చుట్టూ స్తంభాలతో, ఏథెన్స్ దగ్గరి పెంటెలికాన్ కొండ పాలరాయి తెప్పించి కట్టారు. కాబట్టి ఊరు చూసి కూడా తీర్పు చెప్పకండి.

ఇక రోమన్లు నిజంగా కొత్తది చేశారంటే కాంక్రీటుతో. రోమ్‌లోనే ఉన్న పాంథియాన్ గుడి (ఏథెన్స్ పార్థెనాన్ కాదు) ముందు నిలబడితే మామూలు స్తంభాల వరండానే, లోపల అడుగుపెట్టాక తల ఎత్తితే 43 మీటర్ల పైచిలుకు వెడల్పున్న గుమ్మటం, ఇనుప ఊచ ఒక్కటి లేకుండా. కింద బరువైన కంకర, పైకి వెళ్ళేకొద్దీ తేలిక కంకర, నడినెత్తికి వచ్చేసరికి మడమలు రుద్దుకునే నురగరాయి లాంటిది కలిపారు. మేం వెళ్ళినరోజు వాన, పైన తెరిచి ఉన్న కంతలోంచి నీళ్ళు నేరుగా నేల మీద పడుతున్నాయి, నేలలో చిన్న చిన్న కన్నాలున్నాయి, వాటిలోంచి పోతాయి. మా నాన్న అడిగింది ఒక్కటే, "అంత సెంట్రింగ్ ఎలా నిలబెట్టార్రా?" గ్రీకులకి గుడి లోపల ఇలాంటి ఆశ ఉన్నట్టు నాకు కనపడలేదు.

మీ చేతిలో ముందు వైపు ఫొటో ఒక్కటే ఉంటే మెట్లు చూడండి. మూల తిరిగి పక్కకి కూడా వెళ్తున్నాయా, ముందే ఆగిపోయాయా? వెళ్తుంటే గ్రీకు అనుకోండి. ఏథెన్స్‌లోనే ఉన్న గ్రీకు దేవుడు జ్యూస్ గుడి దగ్గర మాత్రం జాగ్రత్త, క్రీ.పూ. ఆరో శతాబ్దంలో గ్రీకులు మొదలుపెట్టిన దాన్ని క్రీ.శ. రెండో శతాబ్దంలో రోమన్ చక్రవర్తి హాడ్రియన్ పూర్తి చేయించాడు, పాంథియాన్ పూర్తయిందీ ఆయన హయాంలోనే. అప్పట్లో 104 స్తంభాలు, ఇప్పుడు నిలబడ్డవి 15. 1852లో గాలివానకి పడిపోయిన ఒకటి ఇంకా అలాగే పడుంది, పేర్చిన బిస్కెట్లు ఒరిగినట్టు దాని రాతి చక్రాలు వరసగా. మా ఆవిడ ఈసారి అక్కడ ఫొటో దిగింది, దానికి ముందూ వెనకా లేవు కదా అని.