ఆ గొట్టం మళ్ళీ మొదటికే తెస్తోంది

ప్రశ్న: డాక్టరుగారూ, 1996 ఎండాకాలంలో అమ్మ ఆపరేషనై గుంటూరు ఆస్పత్రిలో ఉంది. నాన్న కూడా అక్కడే. నాకు తొమ్మిదేళ్ళు, అన్నయ్యకి పన్నెండు. అమ్మమ్మ వంటింట్లో ఉంటే మేం పొద్దస్తమానం టీవీకి వీడియోగేమ్ తగిలించి మారియో ఆడేవాళ్ళం. ఒకరోజు రెండో స్టేజీ చివర అన్నయ్య మారియోని కూర్చోబెట్టి వెనక్కి ఎగిరిస్తే ఇటుకగోడలోకి దూరిపోయాడు. అవతల గొట్టంలో దిగితే అన్నీ నీళ్ళే. పైన అంకె ఉండాల్సిన చోట ఖాళీ, పక్కన గీత, ఒకటి. ఎంత ఈదినా చివరి గొట్టం మళ్ళీ మొదటికే తెచ్చేది. ఇప్పటికీ ఆ నీళ్ళలో ఊపిరాడక ఉలిక్కిపడి లేస్తుంటాను. మొన్న నాన్న సంవత్సరీకానికి వచ్చిన అన్నయ్యతో చెబితే మొహం పాలిపోయింది. తనకీ అదే కలట! ఆ క్యాసెట్‌లో ఏదో ఉందంటున్నారు మా అత్తగారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: క్యాసెట్‌లో ఏ గాలీ ధూళీ లేదమ్మా. కానీ మీరు చూసిన చోటు నిజంగానే ఉంది. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో దొర్లిన పొరపాటది. గోడలోంచి దూరితే, గొట్టం ఎక్కడికి పంపాలో ఆట తప్పుగా చదువుకుని 36వ లోకానికి పంపేస్తుంది (ఆటలో కొన్ని స్టేజీల గుంపుని లోకం అంటారు). పైన లోకం అంకె చూపడానికి ఆట తన బొమ్మల వరుసలోంచి ఆ సంఖ్య గల బొమ్మని తీసి పెడుతుంది. 36వ బొమ్మ ఉత్త ఖాళీ గడి, అందుకే గీతకి ముందు ఏమీ కనబడదు. దేశదేశాల పిల్లలు అందులో ఇరుక్కుని దానికి మైనస్ లోకమని పేరు కూడా పెట్టుకున్నారు.

ఇద్దరికీ ఒకే కల ఎందుకంటే, ఇద్దరూ ఒకే బొమ్మని అన్ని గంటలు చూశారు గనక. హార్వర్డ్‌కి చెందిన నిద్ర పరిశోధకుడు రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందం 27 మంది చేత, పైనుంచి పడే ముక్కల్ని పేర్చే టెట్రిస్ అనే వీడియోగేమ్ ఆడించి, 2000లో ఫలితాలు ప్రచురించింది. నిద్రలోకి జారేటప్పుడు 17 మందికి అవే ముక్కలు కళ్ళముందు పడ్డాయి. మెదడు దెబ్బతిని, ఆట ఆడామన్న సంగతే గుర్తులేని వాళ్ళకి కూడా కొందరికి కనబడ్డాయి! చదువుకునే రోజుల్లో ఆ వ్యాసం చదివి రాత్రంతా దాని గురించే ఆలోచించాను.

నన్ను ఆపింది మీరు రాసిన ‘ఊపిరాడక’ అన్న మాట. మీ ఉత్తరం వచ్చాక మా మేనల్లుడి చేత ఆ ఆట ఆడించి పక్కనే కూర్చుని చూశాను. నీళ్ళలో మారియోకి ఊపిరాడకపోవడమన్నదే లేదు. చేపలు తగలకపోతే గడువు అయిపోయేదాకా ఈదుతూనే ఉంటాడు. గడువు వందకి తగ్గాక పాట వేగం పెరుగుతుంది, అంతే. మరి ఆ ఉక్కిరిబిక్కిరి ఎక్కడిది? అమ్మ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పని ఇంట్లో ఇద్దరు పిల్లలు రోజంతా ఈదారు. ఆ భయానికి దొరికిన బొమ్మ ఆ నీళ్ళు అని నా నమ్మకం.

దీనికి మందుబిళ్ళ లేకుండా చేసే చికిత్స ఉంది. పగటిపూట కలని కాగితం మీద రాసి, మీకు నచ్చినట్టు మార్చి, ఆ కొత్త కలని రోజూ పది ఇరవై నిమిషాలు కళ్ళు మూసుకుని ఊహించుకోవాలి. కొన్ని వారాలు పట్టొచ్చు. అన్నయ్యగారికి ఫోన్ చేసి కలిసి రాయండి. గొట్టంలోంచి ఎక్కడ తేలాలో నేను చెప్పను, అది మీ ఇద్దరిదీ.

మీకు గట్టిగా గురక వచ్చినా, పొద్దున లేస్తూనే తలనొప్పి ఉన్నా అది వేరే సంగతి. రాత్రి నిద్రలో నిజంగానే ఊపిరి ఆగుతోందేమో పరీక్ష చేయించుకోండి. అన్నయ్యగారికి కూడా చెప్పండి.