డాక్టర్ సలహా: మిగిలిన చికెన్‌తో ఫ్రైడ్ రైస్ చేస్తే బాబుకి వాంతులు.. తప్పు దేనిది?

ప్రశ్న: ఆదివారం మధ్యాహ్నం వండిన చికెన్ మిగిలితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాను. సోమవారం రాత్రి ఆ ముక్కలతో ఫ్రైడ్ రైస్ చేశాను. అన్నం మాత్రం ఆ రోజు పొద్దున వండింది, సాయంత్రం దాకా గిన్నెలోనే బయట ఉంది. ఎనిమిదింటికి తిన్నాం. పదకొండు కల్లా మా బాబుకి (9 ఏళ్లు) వాంతులు మొదలయ్యాయి. జ్వరం, విరేచనాలు లేవు. తెల్లారేసరికి తేరుకున్నాడు. నాకూ కడుపులో తిప్పింది. పాప అన్నం వదిలేసి చికెన్ ముక్కలే ఏరుకుని తింది, తనకేం కాలేదు. అజినొమోటో వల్లే అని మా అత్తగారు అంటున్నారు. మిగిలిన చికెన్ ఇలా వాడకూడదా? మావారు బీపీ మాత్రలు వేసుకుంటారు, ఆయన తినొచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

సలహా: మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉందమ్మా. ముక్కలు తిన్న పాప బాగుంది, అన్నం తిన్న బాబుకి మూడు గంటల్లో వాంతులయ్యాయి. పరీక్ష చేయకుండా కచ్చితంగా చెప్పలేం గానీ, నా అనుమానం పొద్దున్నుంచి బయట ఉన్న అన్నం మీదే.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు సహజంగానే ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. గిన్నె నిండా ఉన్న అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే, అవి మొలకెత్తి విషపదార్థాన్ని తయారుచేస్తాయి. అది తయారయ్యాక పెద్ద మంట మీద ఎంత వేయించినా పోదు, ప్రెషర్ కుక్కర్ వేడికీ లొంగదు. వాసన, రుచి కూడా మారకపోవచ్చు. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలై, సాధారణంగా ఒక్క రోజులో తగ్గిపోతాయి. 1970ల మొదట్లో బ్రిటన్‌లోని చైనీస్ రెస్టారెంట్లలో ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్లకు ఇలాగే అయితే, ఆరా తీయగా బయటపడింది ఇదే. ఫ్రిజ్‌లో పెడితే మెతుకులు ముద్దకడతాయని అక్కడి వంటవాళ్లు ఉడికించిన అన్నాన్ని బయటే ఉంచేవారట! నిజానికి పళ్లెంలో పలచగా ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టిన అన్నమే పొడిపొడిగా వేగుతుంది.

కాబట్టి ఫ్రైడ్ రైస్ కోసం అన్నం వండితే, వెడల్పాటి పళ్లెంలో పరిచి, గంటలోపు మూతపెట్టి ఫ్రిజ్‌లోకి పంపండి. మర్నాటికల్లా వాడేయండి. హాట్‌ప్యాక్‌లో ఉంచితే చాలనుకుంటారు కొందరు. అందులో అన్నం నెమ్మదిగా చల్లారుతుంది, క్రిములకు కావలసిందీ అదే.

ఇక చికెన్. మీరు వెంటనే ఫ్రిజ్‌లో పెట్టారు, మంచి పని. వండిన చికెన్ బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. మన ఎండాకాలంలో అయితే ఒక గంటే. పెద్ద గిన్నెతో అలాగే తోసేయకుండా, లోతు లేని డబ్బాల్లో సర్దితే త్వరగా చల్లబడుతుంది. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు నిలవ ఉంటుందని లెక్క, కానీ కరెంటు తరచూ పోయే ఇళ్లలో మర్నాడే ముగించడం మేలు. రెస్టారెంట్ పద్ధతి చూసి చాలామంది ముక్కల్ని చివర్లో పైన చల్లి దించేస్తారు. ఇంట్లో మిగిలిన చికెన్‌తో అలా వద్దు. ముందు ముక్కల్నే మూకుడులో వేసి, లోపలిదాకా పొగలు వచ్చేలా వేడిచేసి, ఆ తర్వాత క్యాప్సికం, క్యారెట్, అన్నం వేయండి. నూడుల్స్‌కైనా ఇదే వరస. ఒకసారి అలా వేడిచేశాక మిగిలితే మళ్లీ దాచకండి.

అజినొమోటో మీద మీ అత్తగారి అనుమానం వింత కాదు. 1968లో అమెరికాలో ఒక వైద్య పత్రికలో వచ్చిన ఉత్తరంతో మొదలైన భయం ఇప్పటికీ పోలేదు. ఖాళీ కడుపుతో ఎక్కువ మోతాదులో తీసుకున్న కొద్దిమందికి కాసేపు తలనొప్పి, చెమట లాంటివి రావచ్చు. ఇంటి వంటలో చిటికెడు వేస్తే, మూడు గంటల తర్వాత పిల్లాడికి వాంతులవ్వడం దాని పని కాదు.

మీవారి విషయంలో నా టెన్షన్ అంతా సోయా సాస్‌తోనే. ఒక టేబుల్ స్పూన్‌లో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చెప్పింది 2,000 లోపు. మిగిలిన కూరలో ఉప్పు ఎలాగూ ఉంది, పైన చిల్లీ సాస్‌లోనూ ఉంటుంది. నలుగురికి చేసేటప్పుడు సోయా సాస్ ఒక్క స్పూన్‌తో ఆపి, ఉప్పు అసలు వేయకండి. వెల్లుల్లి, మిరియాల పొడి, వెనిగర్, ఉల్లికాడలతో రుచి సర్దుకుంటుంది. అలా చేస్తే ఆయన ఎప్పుడైనా ఒక ప్లేటు తినొచ్చు. 'లో సోడియం' ఉప్పుల్లో పొటాషియం ఉంటుంది. కొన్ని బీపీ మాత్రలతో అది పడదు, ఆయన డాక్టర్‌ని అడగకుండా కొనకండి.

బాబుకి మళ్లీ ఇలా అయితే ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ని, దాని మీద రాసినంత నీళ్లలో కలిపి, స్పూన్‌తో కొంచెం కొంచెంగా పట్టండి. ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ వేయొద్దు. తాగినవన్నీ కక్కేస్తున్నా, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోయినా, మత్తుగా పడుకున్నా, జ్వరం ఎక్కువగా ఉన్నా, రక్తం కనిపించినా, కళ్లు పచ్చబడినా రాత్రి పన్నెండైనా సరే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఏం తిన్నాడో, ఎన్నింటికి తిన్నాడో కూడా అక్కడి డాక్టర్‌కి చెప్పండి.