నీ పాటల్లో మనుషులేరీ?

తమ్ముడూ,

పంపిన పాటలన్నీ విన్నా. గొంతు బాగుంది, అది నీకూ తెలుసు కాబట్టి దాని జోలికి పోను.

నాకు ఒళ్ళు మండింది ఎక్కడంటే, ఏ పాట పెట్టినా "నన్ను నేను వెతుక్కున్నా", "కొత్త ఉదయం", "రెక్కలొచ్చాయి". ఎక్కడ వెతికావు, ఏం దొరికింది? ఒక మనిషి పేరు లేదు, ఒక గది లేదు, పైగా ఫోక్ ఆల్బమ్ అంటావా? ఫోక్ నుంచి నువ్వు తెచ్చుకున్నది గిటార్ చప్పుడొక్కటే. ఫ్రాన్సిస్ చైల్డ్ అనే ప్రొఫెసర్ 19వ శతాబ్దం చివర్లో 305 ఇంగ్లీషు, స్కాటిష్ బ్యాలడ్లు, అంటే కథ చెప్పే జానపద పాటలు, పోగేసి అచ్చేయించాడు, ఓపిగ్గా చదువు. పాడేవాడి మనసు గోల అందులో దాదాపు కనపడదు, ఎవడో గుర్రమెక్కి వస్తాడు, ఆమె తలుపు తీస్తుంది, తెల్లారేసరికి ఒకరు పోతారు, ఏడుపంతా వినేవాళ్ళకే వదిలేస్తారు.

సొంత గొడవ రాయొద్దనట్లేదు. కెనడా గాయని జోనీ మిచెల్ 1971లో చేసిన 'బ్లూ' ఆల్బమ్ అంతా ఆవిడ గొడవే కదా, కానీ అందులో టీవీ వెలుతుర్లో గ్లాసు కింద పెట్టే కోస్టర్ వెనక కెనడా మ్యాప్ గీస్తుంది చూడు, అలాంటిది ఒక్కటుంటే చాలు.

నీకూ ఉంది, అందుకే ఈ కోపం. నాలుగో పాటలో ఇల్లు ఖాళీ చేసి తాళాలిస్తుంటే ఒక తాళంచెవి రింగులోంచి రాదు, ఓనరావిడ పళ్ళతో లాగుతుంది. అక్కడ ఆపి మళ్ళీ విన్నా. ఆ తర్వాత కొత్త జీవితం మొదలైందని వేరే చెప్పాలా? వెంటనే కోరస్‌లో రెక్కలు తగిలించావు.

నా మొదటి రికార్డింగ్‌లో ఒక ప్రొడ్యూసరు పాటలో మా పక్కింటావిడ పేరుందని, ఎవరికి వాళ్ళు అన్వయించుకునేలా ఉండాలని చెప్పి, అది తీయించి "ఓ మనసా" పెట్టించాడు. ఎవరూ అన్వయించుకోలేదు, కొననూలేదు. అలాంటి బుర్రలే ఇప్పుడు మూడ్ పేర్లతో ప్లేలిస్టులు చేస్తున్నాయి. తర్వాత చిన్న చిన్న చోట్ల పాడేటప్పుడు ఆ పేరు మళ్ళీ పెట్టేశా, ఓసారి పాటయ్యాక ఒకాయన దగ్గరికొచ్చి ఆవిడ ఇప్పుడెలా ఉన్నారండీ అని అడిగాడు.

ట్రాక్ ఆర్డర్, కవర్ ఫొటో గురించి ఏదో అడిగావు, ఇప్పుడు కాదు. ముందు నాలుగో పాటలో కోరస్ తీసేసి ఆ ఓనరావిడ మీద ఇంకో చరణం రాయి. స్టూడియో అక్కర్లేదు, ఫోన్లో పాడి పంపు, అమెరికన్ సింగర్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో రిలీజ్ చేసిన 'నెబ్రాస్కా' ఆల్బమ్ కూడా ఇంట్లో నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ మీద చేసుకున్న డెమోలే. ఆ ఫ్లూట్ మాత్రం దయచేసి తీసెయ్.