కేంద్రాన్ని ఎదిరించే వ్యాసం రాసిన తమ్ముడికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. తేమ 17 శాతం దాటిందని కొనుగోలు కేంద్రంలో కాదంటే, కాలువ గట్టున బరకాలు విప్పి దాళ్వా ధాన్యాన్ని ఆరబెట్టడానికి మళ్లీ కాళ్లతో తిరగేస్తున్న కౌలు రైతును నువ్వు చూసి రాశావు. ఆ పేరా దాటాక, రాష్ట్రం కేంద్రం మెడలు వంచాలన్న వాక్యం పేజీకొకసారి ఎదురై చిరాకు కలిగించింది. రాజ్యాంగంలోని ఏ అధికరణం కింద, ఎవరి సంతకంతో వంచాలో ఒక్కచోట కూడా చెప్పలేదు.

అసెంబ్లీ తీర్మానానికి చట్టబలం లేదు. 131వ అధికరణం కింద రాష్ట్రం కేంద్రంపై నేరుగా సుప్రీంకోర్టులో దావా వేయవచ్చు. పౌరసత్వ సవరణ చట్టంపై కేరళ 2020 జనవరిలో వేసింది. కేసుకోసారి అడగకుండా రాష్ట్రంలో దర్యాప్తు చేసుకోమని సీబీఐకి ఇచ్చిన సాధారణ సమ్మతిని మన ఆంధ్రప్రదేశే 2018 నవంబరులో వెనక్కి తీసుకుని, మరుసటి ఏడాది ప్రభుత్వం మారగానే తిరిగి ఇచ్చేసింది. కేంద్రం, రాష్ట్రం రెండూ శాసనం చేయగల ఉమ్మడి జాబితాలోని విషయంపై కేంద్ర చట్టానికి విరుద్ధంగా శాసనం చేసినా, 254వ అధికరణం ప్రకారం అది నిలవాలంటే రాష్ట్రపతి ఆమోదం కావాలి, రాష్ట్రపతి నడుచుకునేది కేంద్ర మంత్రివర్గం సలహా మీదే. కేంద్రం తెచ్చిన సాగు చట్టాలకు విరుగుడుగా 2020 అక్టోబరులో పంజాబ్ చేసిన బిల్లులు ఆ ఆమోదానికి నోచుకోలేదు.

కేంద్ర రాష్ట్ర సంబంధాలపై సర్కారియా కమిషన్ వేసిన రోజుల్లో నేను రాసిన వ్యాసంలో ఒక వారపత్రిక సంపాదకుడు అధికరణాలన్నీ కొట్టేసి ఆవేశాన్ని మాత్రం అచ్చువేశాడు. పాఠకుడికి సెక్షన్లు ఎక్కవని ఆయన నమ్మకం. వంతు నీళ్ల కోసం ఇరిగేషన్ వాళ్ల ఉత్తర్వు జేబులో పెట్టుకు తిరిగే రైతులున్న ఈ డెల్టాలో ఆ మాట నేను ఎన్నటికీ ఒప్పుకోను. నినాదాన్నే శీర్షికకెక్కించే ఇప్పటి సంపాదకులూ ఆయన బాటలోనే ఉన్నారు.

నీ విషయం ధాన్యం కాబట్టి అక్కడే తవ్వు. మద్దతు ధరపై రాష్ట్రాలు బోనస్ ఇస్తే ఆ రాష్ట్రంలో సేకరణకు పరిమితి పెడతామని 2014లో కేంద్రం హెచ్చరించింది. సేకరించిన బియ్యాన్ని కేంద్రం వద్దంటే, అందుకు చేసిన అప్పు రాష్ట్రం నెత్తిన పడుతుంది. అందుకే ఛత్తీస్‌గఢ్ 2020లో బోనస్ అన్న మాట వదిలేసి, ఎకరాకు గరిష్ఠంగా ఇంతని సాగు సాయంగా రైతు ఖాతాలో వేసింది. ఎదిరించడమంటే నేను చూపించమనేది ఇలాంటి పని. అదే పద్ధతి ఇక్కడ పెడితే ఆ సొమ్ము భూయజమాని ఖాతాలో పడుతుందా, కౌలుదారు ఖాతాలోనా? కౌలు కార్డులు ఎందరికి అందాయో ఊళ్లో అడిగి, ఆ ప్రశ్నతో వ్యాసం మొదలుపెట్టు. సార్వా నాట్లలోగా తిరగరాసి పంపు.